ఎదురుగా ఆపిన కారు

ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనేవారు. డ్రైవింగ్ నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకుంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే నేర్పేవాడు తొక్కడానికి. జీవితమంతా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషికి అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంట్లో భార్య గొంతు పెంచినా, కూతురు ఎదురు చెప్పినా ఆయన కుడికాలు కుర్చీ ముందు నేలను నొక్కేది. "అయిపోయిందే, మీ నాన్న బ్రేకేశారు," అని తల్లీకూతుళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మాస్టారి దగ్గర రూలంటే రూలే. కారులో ఉండగా ఫోను తీయకూడదన్నది వాటిలో మొదటిది. ఆ రూలే కొంప ముంచింది. భార్యకి గుండెనొప్పి వచ్చిన మధ్యాహ్నం కూతురు ఫోను మీద ఫోను చేసింది. మాస్టారు అప్పుడు ఒక బట్టల కొట్టు యజమానురాలి చేత కారు రివర్సు చేయిస్తున్నారు. డాష్‌బోర్డు అరలో ఫోను మోగి మోగి ఊరుకుంది. పాఠం అయ్యాక తీసి చూసుకునేసరికి అంతా అయిపోయింది.

నాలుగు రోజులు పోయాక కూతురు బట్టలు సర్దుకుంది. "నీ రూళ్ళు నీ దగ్గరే ఉంచుకో నాన్నా," అని వెళ్ళిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అటూ ఇటూ పడి మళ్ళీ కలిసేవాళ్ళేమో. తప్పు తనదని తెలిసిన మనిషికి నోరు పెగలదు.

కూతురు బజారు వీధిలో మందుల షాపులో పనికి కుదిరింది. ప్రతి మంగళవారం పాఠాలు ముగించుకుని మాస్టారు ఆ వీధికి వెళ్ళేవారు. షాపులో కౌంటరు కనపడేది రోడ్డుకి ఇవతల ఒకే ఒక్క చోటు నుంచి. అది సరిగ్గా నో పార్కింగ్ బోర్డు కింద. ఆ బోర్డు చూపించి "దీనర్థమేమిటి?" అని ఊళ్ళో సగం మందిని అడిగిన మనిషి తనే అక్కడ కారాపి కూర్చునేవారు. కూతురు తెల్లకోటు వేసుకుని మందులచీటీలు చదువుతూ, మధ్యమధ్య మెడ వెనక రుద్దుకునేది. వాళ్ళమ్మకీ అదే అలవాటు. కాసేపు చూసుకుని, కడుపు నిండినట్టయి వెళ్ళిపోయేవారు. దిగి, రోడ్డు దాటి, "అమ్మా" అని ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది. వచ్చే వారం వెళదాంలే అనుకునేవారు.

ఫైన్ రాసే ఆయన మొదట్లో బతిమాలాడు. "మాస్టారూ, మీరే ఇలా చేస్తే ఎలాగండీ? తీసేయండి."

"నీ పని నువ్వు చెయ్యి బాబూ. రాసెయ్యి."

కూతుర్ని చూడడానికి టికెట్టు అనుకునేవారేమో, ఆ చీటీ జేబులో పెట్టుకునేవారు. డబ్బు మాత్రం కట్టలేదు. కట్టించుకునే ఆఫీసు నిండా ఆయన శిష్యులే. మాస్టారికే ఫైనా అని నవ్వుతారు, అక్కడేం పనండీ అని అడుగుతారు. కారు కాగితాలు రెన్యూ చేయించేటప్పుడు అన్నీ కలిపి వసూలు చేస్తారులే అని ఊరుకున్నారు. ఆయన కుర్రతనంలో అలాగే ఉండేది. లోకం మారిందని రూళ్ళ మాస్టారికే తెలియకపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంకో సంగతి ఉంది. కూతురికి లైసెన్సు వచ్చిన రోజున ఈయన మురిసిపోయి ఆ కారు ఆ పిల్ల పేర రాయించారు. తర్వాత ఆ మాట ఇంట్లో అందరూ మర్చిపోయారు. ఆఫీసు వాళ్ళు మర్చిపోలేదు. నోటీసులు కూతురి పేర, ఈ ఇంటికి వచ్చేవి. ఒకరి ఉత్తరం ఇంకొకరు విప్పకూడదన్నది కూడా మాస్టారి రూలే. ప్రతి కవరూ తుడిచి, కూతురి గదిలో మంచం మీద పెట్టేవారు. ఆ పేరు ఇంకా ఈ గుమ్మంలోకి వస్తోంది కదా అని లోలోపల సంతోషం కూడా.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైతే తీశారు. కూతురు నిలబడి ఉంది.

"కారు నా పేరనే ఉందా నాన్నా?" అంది. ఎలా ఉన్నావని అడగలేదు.

చిన్న ఫ్లాటు ఒకటి మాట్లాడుకుని, దాచుకున్నదంతా అడ్వాన్సుగా ఇచ్చిందట. బ్యాంకువాళ్ళు లోను ఇచ్చేది లేదన్నారట. నీ పేర ఫైన్లున్నాయి, అవి వసూళ్ళ కంపెనీ చేతికి పోయాయి, క్రెడిట్ స్కోరు పాడైంది, కోర్టు పిలిస్తే కూడా పోలేదు అన్నారట.

"నాకసలు కారే లేదండీ అని వాళ్ళతో పోట్లాడాను నాన్నా. నంబరు చూపించాక గుర్తొచ్చింది."

మాస్టారు ఆమెను గదిలోకి తీసుకెళ్ళారు. మంచం మీద కవర్ల దొంతర చూసి ఆమె అలాగే కూర్చుండిపోయింది.

"ఒక్కటైనా విప్పలేదేం?"

"నీ పేరుందిగా అమ్మా. నీవి నేనెలా విప్పుతాను?"

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఒక్కొక్కటే చించి చదివింది. అదే వీధి, అదే బోర్డు, అదే మంగళవారం. చదవగా చదవగా ఆమె చేతులు నెమ్మదించాయి.

"నాకు తెలుసు నాన్నా," అంది చివరికి. "నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు పెట్టుకు తిరిగే కారు ఎవరికి కనపడదు? ఇవాళ దిగుతావు, ఇవాళ దిగుతావు అని చూసేదాన్ని. షాపువాళ్ళు మంగళవారం సెలవు తీసుకోమన్నా తీసుకోలేదు."

మాస్టారి కుడికాలు నేలను గట్టిగా నొక్కింది. ఆయన ఏడవడం ఆమె చూడలేదు, కవర్లు సర్దుతోంది.

"నేను కట్టేస్తానమ్మా. కారు అమ్మేస్తాను."

"అమ్మాల్సిందే. కట్టినా ఆ మచ్చ కొన్నేళ్ళు పోదన్నారు. ఫ్లాటు ఎలాగూ పోయింది, అమ్మేవాడు అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్నీ చకచకా చేశారు. కారు అమ్మారు, ఫైన్లు వడ్డీతో సహా కట్టారు. కోర్టులో మాస్టారు వెనక బెంచీ మీద కూర్చున్నారు. అక్కడ కారాపింది ఎవరని జడ్జి అడిగితే, "నా పేర ఉన్న కారేనండీ, తప్పు నాదే," అంది కూతురు. తండ్రి పేరు ఎత్తలేదు. ఆ మాటకి ఆయనకి తల కొట్టేసినట్టయింది. బయటికి వచ్చి వెతికేసరికి ఆమె వెళ్ళిపోయింది.

వెంటనే షాపుకి వెళ్ళాల్సింది. మొహం చెల్లలేదు. వచ్చే వారం, ఆ పై వారం అనుకుంటూ, చివరికి ఒక మంగళవారం నడిచి వెళ్ళారు. బోర్డు దగ్గర ఆగకుండా రోడ్డు దాటి లోపలికి అడుగుపెట్టారు. కౌంటరులో ఇంకొకావిడ ఉంది. ఇదివరకు ఇక్కడుండే అమ్మాయి ఏదని అడిగారు.

"ఆవిడ పోయిన వారమే మానేశారండీ. వేరే ఊళ్ళో పనికి కుదిరారు, అక్కడ ఉండడానికి గది కూడా ఇస్తారట. మీరెవరండీ?"

నాన్ననని చెప్పడానికి నోరు రాలేదు. "ఆవిడకి డ్రైవింగ్ నేర్పినవాణ్ణమ్మా."

"అవునా? ఆవిడకి కారు నడపడం వచ్చని మాకు తెలియనే తెలియదే." కౌంటరులో ఆవిడ నవ్వి, ఏం కావాలని అడిగింది. ఏదో ఒకటి అడగాలి కదా, తలనొప్పి బిళ్ళలు అడిగి తీసుకున్నారు.

తిరిగి రోడ్డు దాటేసరికి ఆ బోర్డు కిందే ఒక కారాగి ఉంది. లోపల నడివయసు మనిషొకడు స్టీరింగు పట్టుకుని షాపుల వైపు చూస్తున్నాడు. మాస్టారు అద్దం మీద తట్టారు.

"ఇక్కడ ఆపకూడదు బాబూ."

"ఐదు నిమిషాలేనండీ. మా అక్క ఆ షాపులో ఉంది."

మాస్టారు చేతిలోని బిళ్ళల పొట్లం వంక చూసుకున్నారు.

"అయితే దిగి వెళ్ళు నాయనా," అన్నారు. "ఫైన్ పడితే పడనీ. కారులో కూర్చోకు."