వస్తానని చెప్పి వెళ్ళమన్న మనిషి

నగరం అంచున కొత్తగా లేచిన న్యూ టౌన్‌లో నేనిప్పుడు పనిచేసే కిరాణా గోడౌన్‌కి ఈ ఉదయం బంగాళాదుంపల లారీ వచ్చింది. ఈమధ్య సరుకంతా ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తోంది కానీ దుంపలకి మాత్రం ఇంకా గోనె సంచులే. కుట్టు విప్పగానే జనపనార వాసన, దాని అడుగున నారను మెత్తబరచడానికి చల్లే నూనె వాసన గుప్పుమన్నాయి. నేను సంచికి ముఖం ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాను. దుంపలు కుళ్ళాయేమో శ్రద్ధగా చూస్తున్నాననుకుని మా సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. ఈ గోడౌన్‌లో నాకు దక్కిన మొదటి మెప్పు అది. న్యాయంగా అయితే అది అప్పలనాయుడు బాబాయికి చెందాలి.

హౌరాకి దిగువన, బడ్జ్ బడ్జ్ అనే ఊళ్ళో నది ఒడ్డునున్న జూట్ మిల్లులో, సంచులు కుట్టి ముద్రలు వేసి బేళ్ళు కట్టే విభాగానికి ఆయన సర్దారు, అంటే మేస్త్రీ. నేను ఆయన కింద గుమాస్తాని. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మిల్లు లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, స్థిరపడ్డవాళ్ళు. బెంగాలీలకి ఆయన నాయుడుదా, మాకు బాబాయి. ఇంట్లో తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని నాకు, ఆంధ్రా రైస్ మిల్లులకి వెళ్ళే సంచుల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్పింది ఆయనే. నేను కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు వాక్యం ‘కొక్కెములు వాడరాదు’. అక్షరాలు రాగానే నేను పండితుణ్ణయిపోయాను. జనపనారలో జనమూ ఉన్నారు, పనీ ఉంది చూశావా బాబాయ్ అన్నాను. ఆయన ముద్ర మీదికి వంగి చూసి, పని కాదు, ‘పన’ మాత్రమే ఉన్నాదన్నారు. తర్వాత మా మిల్లు గతి కూడా అంతే అయింది. పని సగంలో ఆగిపోయింది.

ఆయనకి ఒక మాట పట్టింపు ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజు, షిఫ్టు అయ్యాక వెళ్తున్నానని చెప్పి గేటు దాకా పోయాను. వెనక్కి పిలిపించారు.

“ఏటి, ఎల్తన్నావా? ఎక్కడికెల్తావు? వస్తానని సెప్పి ఎల్లు.”

తెలుగువాళ్ళం వెళ్ళొస్తానంటాం. బెంగాలీలు అందులోంచి వెళ్ళడాన్ని కూడా తీసేసి, గుమ్మం దిగుతూ “ఆశ్చి” అంటారు. వస్తున్నాను అని. వెళ్ళేవాడు వెళ్తున్నానంటే అదే ఆఖరవుతుందని భయం. బాబాయి రెండు భాషల భయాలనూ కలిపి పెంచుకున్న మనిషి. సైరన్ మోగాక మా విభాగం ఖాళీ అవుతున్నప్పుడు చూడాలి. అందరూ బయటికి పోతూ, వస్తున్నామని అరుస్తూ ఉండేవాళ్ళు. ఆశ్చిలో ఆశ ఉందని నేనంటే, “ఆశ ఉండబట్టే కదరా రేపు మల్లీ వస్తన్నావు” అనేవారు.

ఒక ఉదయం మేం వచ్చాం, మిల్లే రాలేదు. పని నిలిపివేస్తున్నామని గేటుకి కాగితం అంటించి ఉంది. జనం చాలాసేపు అక్కడే నిలబడ్డారు. కాగితం మీద ఏముందో తెలిసినవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ చదివారు. నాకు ఇంట్లో భార్య, అప్పుడే బడిలో వేసిన కూతురు. చుట్టుపక్కల మిల్లులన్నీ ఉన్నవాళ్ళనే తీసేస్తున్నాయి. ప్యాకింగ్ పని తెలిసినవాళ్ళు గల్ఫ్‌కి కావాలట అని బాబాయే వార్త మోసుకొచ్చారు. నువ్వు కుర్రోడివి, నువ్వెల్లాలి అని, నాకంటే ముందు ఆయనే తయారయ్యేవారు. అలా శియాల్దా స్టేషన్ చుట్టుపక్కల ఏజెంట్ల ఆఫీసులన్నీ తిరిగాం. హిందీలో కతార్ అంటే వరస. కతార్ దేశానికి పోవడానికి కతార్‌లో నిలబడ్డ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంత తిరిగినా వీసా మీద వీసమెత్తు ఆశ కూడా కనబడలేదు.

ఒకరోజు బాబాయి జుట్టుకీ మీసానికీ నల్లరంగు వేసుకుని వచ్చారు. ఆ నలుపు చెవి మీదికి కూడా కారింది. ఆఫీసులో నా వంతు అయ్యాక, ఆయన తన పాస్‌పోర్టు కూడా మెల్లగా బల్ల మీద పెట్టారు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నాకు తోడుగా మాత్రమే రాలేదని. ఏజెంటు దాన్ని తెరిచి చూసి, నవ్వు ఆపుకుంటూ, దాదా, జుట్టుకి వేశారు సరే, పుట్టిన తేదీకి కూడా రంగు వెయ్యాల్సింది అన్నాడు. బాబాయి కూడా నవ్వారు. తిరుగు రైల్లో ఆయన జేబురుమాలుతో మీసం తుడుచుకుంటూనే ఉన్నారు. రంగు పోలేదు.

చివరికి నాకు ఒక ఇంటర్వ్యూ కుదిరింది. గల్ఫ్‌లో ఏదో ఫ్యాక్టరీ, ప్యాకింగ్ సూపర్‌వైజర్ పని. ఏజెంటు ఆఫీసులోనే కంప్యూటర్ తెర మీద మాట్లాడాలి. అంతకుముందు వారమంతా టీ కొట్టు బెంచీ మీద బాబాయి నాకు పరీక్షాధికారి. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి ప్రతి జవాబుకీ గంభీరంగా తల ఊపేవారు. ఆ రోజు కెమెరాకి అందకుండా మూలనున్న స్టూలు మీద కూర్చుని, నిజంగా అలాగే ఊపారు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. బేలు కట్టడం గురించి అడిగారు, చెప్పాను. మనుషులతో పని చేయించడం గురించి అడిగారు, మూలకి ఒకసారి చూసి చెప్పాను. తెర మీదున్న ఫ్యాక్టరీవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని బాగుందన్నారు. నేను లేచి, సెలవు తీసుకుంటూ, వినయంగా అనేశాను.

“ఐ యామ్ కమింగ్, సర్.”

తెర మీద పెద్దాయన కనుబొమలు లేచాయి. “కమింగ్ వేర్? మేమింకా రమ్మనలేదు కదా” అని సగం హిందీలో అన్నాడు. పక్కనున్నతను పగలబడి నవ్వాడు. తెర నల్లబడింది.

ఆ పోస్టు భర్తీ అయిపోయిందని ఏజెంటు తర్వాత చెప్పాడు. నా మాట వల్లే పోయిందో, ముందే పోయిందో ఎవరికీ తెలియదు. బాబాయికి మాత్రం అనుమానం లేదు. బడ్జ్ బడ్జ్ లోకల్ రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని, చాలా స్టేషన్లు దాటాక, “నా మాటే నిన్ను తినీసిందిరా” అన్నారు. అదేం కాదు బాబాయ్ అన్నాను. వేళాకోళానికి ఏదో అనబోయాను కానీ, జీవితంలో మొదటిసారి నాకు మాటలు కలిసి రాలేదు.

లైన్లలో గదులు ఖాళీ చేయమన్నారు. ఆయన భార్య ఎప్పుడో పోయింది. మరదలి కొడుకొకడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని ఇప్పించాడు. బడ్జ్ బడ్జ్‌లో పుట్టి పెరిగిన ఆయన పలాసని రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు. “నాకదే పరదేశంరా. నా తెలుగు ఇని బెంగాలీవోడంటారు” అన్నారు. ఆ లెక్కన మా ఇద్దరిలో విదేశంలో ఉద్యోగం దొరికింది ఆయనకే.

హౌరాలో రైలెక్కించడానికి వెళ్ళాను. సామానంతా ఒక గోనె సంచిలో పట్టింది. జుట్టుకున్న రంగు వెలిసి, మొదళ్ళ దగ్గర తెలుపు బయటపడుతోంది. రైలు కదిలేముందు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ మాట కోసం నేను ఎదురుచూశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతో అన్నారు.

“ఎల్తన్నాను రా.”

వెనక్కి పిలిచి దిద్దాల్సింది. ఆయనైతే పిలిపించి ఉండేవారు. నేను చెయ్యి ఊపాను. ఆ తర్వాతి వానాకాలంలో పలాస నుంచి ఫోన్ వచ్చింది. మాట మీద నిలబడే మనిషి, వెళ్తున్నానన్నారు, వెళ్ళిపోయారు.

నేనింకా ఇంటర్వ్యూలు ఇస్తూనే ఉన్నాను. ఇప్పుడవి నా ఫోన్‌లోనే, గోడౌన్ వెనక, సంచుల చాటున. చివర జాగ్రత్తగా థాంక్యూ అంటాను. అవతల తెర నల్లబడ్డాక మాత్రం, వినేవాళ్ళెవరూ లేరని తెలిసీ, వస్తాను సర్ అంటాను. ఇంకా ఎవరూ రమ్మనలేదు.