పైసలు ముందొచ్చిన చావు

మెట్‌పల్లి దగ్గరి పల్లెలో బీడీలు చేసుకు బతికే స్వరూపకు, భర్త గంగారాం ఉన్నాడో లేడో తెలియదు. తాటిచెట్లెక్కి కల్లు గీసే పని గిట్టుబాటు కాక కువైట్ పోయిన మనిషి, తొమ్మిదేళ్ళ కింద ఫోన్ చేయడం మానేశాడు. పంపిన ఏజెంటు చేతులెత్తేశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమె చెప్పులరిగాయి. అయినా నుదుట బొట్టు తీయలేదు. దాని మీద ఊళ్ళో గుసగుసలు. పోనీలెండి, వాళ్ళ నోళ్ళకూ ఏదో ఒక పని కావాలి కదా.

నిరుడు కూతురు జమున తండ్రి ఫోటో, పేరు, పనిచేసిన కంపెనీ అన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టి, ఆచూకీ తెలిస్తే చెప్పమని తన మెయిల్ ఇచ్చింది. కొన్నాళ్ళకు జవాబొచ్చింది. రాసినాయన కువైట్‌లో లాయరట. గంగారాం గుండెపోటుతో పోయాడట, బ్యాంకులో ఎనభై లక్షలు మిగిల్చాడట, వారసురాలు స్వరూపేనట. ఫీజు కడితే పంపిస్తారట. అప్పటిదాకా పైసల ముచ్చట ఎవరికీ చెప్పొద్దట.

"నాయిన ఫోటో, కంపెనీ పేరు అన్నీ సరిగ్గనే ఉన్నయే అమ్మా" అని జమున ఏడ్చింది. అవన్నీ తాను పెట్టినవేనన్న సంగతి ఆ ఏడుపులో దానికి తట్టలేదు.

స్వరూప చెవికి ఎనభై లక్షలు ఎక్కలేదు. పోయాడన్న మాటొక్కటే ఎక్కింది. అత్త బుచ్చవ్వ, "నా కొడుకుకు నీళ్ళన్న ఇడువాలె బిడ్డా" అని పట్టుబట్టింది. శవం లేదు గనుక దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. పదోనాడు స్వరూప గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచారు. మెడలోంచి తీసిన పుస్తెలతాడు అమ్మి లాయరుకు ఫీజు కట్టారు.

వారానికే టాక్సు కట్టమని ఇంకో మెయిల్. "టాక్సు సంగతి తర్వాత. శవం ఏడున్నదో, ఆయన రూంల ఎవలున్నరో అడుగు" అంది స్వరూప. జమున రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అకౌంటు నంబరే తిరిగొచ్చింది.

స్వరూప చేతిలోని బీడీల చాట కింద పెట్టింది. "మనూరోళ్ళు దుబాయిల, కువైట్ల ఎవలు సచ్చినా ముందుగాల రూమోళ్ళ ఫోన్ అస్తది. ఎన్కసీరి శవం పెట్టె అస్తది. పైసలు ఆఖరుకు, అస్తే అస్తయి, లేకుంటే లేదు. మనకు పైసల ముచ్చటే ముందుగాల అచ్చింది. గిది చావు కాదు బిడ్డా, మోసం."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పైసలు తిన్నారు, పాడుబడనీ. బతికున్నాడో లేడో తెలియని మనిషికి ఆమె చేతనే కర్మ చేయించారు, ఆ దొంగముండాకొడుకులు.

జగిత్యాల పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ ఫిర్యాదు రాసుకున్నాడు. "పైసలు పోంగనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసేదుండె అక్కా. ఇగ వాళ్ళు ఫోన్లు గూడ చేస్తరు, ఇప్పటిసంది తెల్వని ఫారిన్ నంబర్లు ఎత్తకుండ్రి" అన్నాడు.

"ఎత్తకుంట ఎట్లుంట సారూ? అది ఆయనే అయితే?" అంది స్వరూప. కానిస్టేబుల్ ఫిర్యాదు కాగితం మీద ముద్ర వేసి ఆమె చేతికిచ్చాడు.

నెల తిరక్కముందే ఫారిన్ నంబరు నుంచి ఫోన్ మోగింది. ఇన్నేళ్ళలో అలాంటి ఫోన్ ఒక్కటీ వదలని మనిషి, చేయి చాపి, వెనక్కి తీసుకుంది. మోగీ మోగీ అది ఆగిపోయింది. అప్పుడు ఏడ్చింది స్వరూప. గంగారాం పోయాడన్న నాడు కూడా అంత ఏడవలేదు.