సంపత్ చెప్పని ఊరు

సూరత్ బమ్రోలిలో మా మరమగ్గాల షెడ్డు ముందు ఆ మనిషిని కొడుతున్నప్పుడు పొద్దున షిఫ్టు అప్పుడే దిగింది. వారం కింద పనిలో చేరిన కొత్త మనిషి. దొంగతనంగా బోర్డర్ దాటి వచ్చాడని ఎవరో అన్నారు, అంతే. మా షెడ్డులోనే పనిచేసే బుచ్చిరాములు ఇనుప రాడ్డుతో కొడితే మోకాలు పక్కకు వంగిపోయింది.

"ఏ ఊరు బే నీది? చెప్తలేవేంది?"

ఆ మనిషి నోరు విప్పలేదు. విప్పకపోయేసరికి ఇంకా కొట్టారు. అప్పుడు సంపత్ గుంపును తోసుకుంటూ వచ్చి అతని మీద బోర్లా పడ్డాడు.

సంపత్‌ది కోరుట్ల. చిన్నప్పుడే సూరత్ వచ్చి మగ్గాల దగ్గర నిలబడ్డాడు. ఆ మోతకు చెవులు పోయాయి. తర్వాత ఏజెంటును పట్టుకుని క్రొయేషియాకు కూలికి పోయాడు. అక్కడ బస్టాపులో నలుగురు వెనక నుంచి ఎక్కడివాడివని అడిగారట. ఇతనికి వినపడలేదు. పొగరనుకుని బూట్లతో తన్నారు. ఎడమ కన్ను పోయింది.

అడ్డం పడి ప్రాణం కాపాడింది మిర్సాద్ అనే బోస్నియా మేస్త్రీ. ఆసుపత్రిలో పక్కన కూర్చుని, ఫోన్‌లో హిందీలోకి మార్చి తన కథ చూపించాడట. తన్నినవాళ్లదీ మిర్సాద్‌దీ ఒకప్పుడు యుగోస్లావియా అనే ఒకే దేశం. మాట కూడా దాదాపు ఒకటే. ఆ దేశం ముక్కలైనప్పుడు, కలిసి చదువుకున్నవాడే మిర్సాద్ అన్నను గోడకు నిలబెట్టి కాల్చాడు. ఇప్పుడు క్రొయేషియా యూరోపియన్ యూనియన్ లోపల ఉంది, బోస్నియా బయట ఉంది. "యూరప్‌లోనే పుట్టాను. అయినా ఇక్కడ పనికి పర్మిట్ చూపించాలి. మా నాన్న కాలంలో ఒక లెక్క, నా కాలంలో ఇంకో లెక్క" అని చూపించాడట. తర్వాత సంపత్ తిరిగొచ్చి మళ్లీ మా షెడ్డులోనే చేరాడు.

"తప్పుకో బావా! యూరప్ పోయొచ్చి దొరవైనవా?" అని బుచ్చిరాములు అరిచాడు. సంపత్ భార్యకు తమ్ముడే అతను. సంపత్‌కు వినపడలేదు. రాడ్డు వీపు మీద పడింది. నేను బుచ్చిరాములు నడుం పట్టుకుని లాగితే, మోచేత్తో నా పన్ను రాలగొట్టాడు.

సంపత్ ఆ మనిషి మొహం తనవైపు తిప్పుకుని, మగ్గాల మోతలో మేము మాట్లాడుకునేట్టు వట్టి పెదవులు కదిపాడు. ఆ మనిషి పెదవులూ కదిలాయి. రక్తం బుడగలు వచ్చాయి.

"చెవిటోడు రా! నా లెక్కనే. మీరు అడిగింది ఇనవడ్తెనే గదా చెప్పేది!"

గుంపు చల్లబడింది. బుచ్చిరాములు ముందుకు వంగి, పెదవులు కనపడేట్టు అడిగాడు.

"ఏమన్నడు? ఏ ఊరంట?"

"నీకెందుకు?"

"చెప్పు బావా. మనోడైతే ఇడిచిపెడ్తం."

"కాకుంటె సంపుతవు. చెప్ప, పో!"

రాడ్డు మళ్లీ లేచింది. సంపత్ కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్లు నలిగి వేలాడాయి. అవి చూసి బుచ్చిరాములే రాడ్డు పారేశాడు.

ఆ మనిషిని ఆటోలో సివిల్ ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికాడు. సంపత్ చెయ్యి మళ్లీ పనికి రాలేదు, ఇప్పుడు పక్కనున్న భేస్తాన్‌లో ఇంట్లోనే ఉంటాడు. భార్యే అన్నం కలిపి తినిపిస్తుంది. తమ్ముడు పండ్లు పట్టుకుని గడప దాకా వస్తాడు. ఆమె లోపలికి రమ్మనదు.