తొమ్మిదో పేజీ

నా చిన్నప్పుడు బడి వదిలాక, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను చిక్కడపల్లిలోని ప్రభుత్వ పఠనశాలలో కూర్చునేదాన్ని. మాంద్యం వల్ల ప్రభుత్వం ఖర్చులు తగ్గిస్తోందని పెద్దలు అనుకునేవారు. నాకు తెలిసిన తగ్గింపు ఒక్కటే: ఏడు దినపత్రికలు వచ్చే చోట ఒకటే రాసాగింది. పదవీ విరమణ చేసిన గుమాస్తాగారి కుర్చీలోకి కూడా ఎవరూ రాలేదు.

మా పక్కింటి గదిలో కిరాయికుండే అక్క అశోక్‌నగర్‌లో కోచింగ్ ముగించి, మూడేళ్ళుగా సర్కారు ఉద్యోగ ప్రకటన కోసం చూస్తోంది. నియామకాలు నిలిపివేశారు. మార్చి దాటితే ఆమెకు వయోపరిమితి దాటుతుంది. గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోవాలి.

రోజూ పఠనశాలకు వచ్చి, ఉన్న ఒక్క పత్రికనూ అక్క విడదీసి అందరికీ పంచేది. పన్నెండు పేజీలు, మూడు కాగితాలు. సాయంత్రం వాటిని తిరిగి కూర్చడం నా పని. కాగితం పరిస్తే పక్కపక్క పేజీల అంకెలు కలిపి పదమూడు రావాలని ఆమే నేర్పింది. ఉద్యోగ ప్రకటనలు తొమ్మిదో పేజీలో ఉండేవి.

మార్చి మొదటి వారంలో ఒకరోజు అక్క రావడం ఆలస్యమైతే పత్రికను నేనే విడదీసి, తొమ్మిదో పేజీ ఉన్న కాగితాన్ని ఆమె కోసం నా సంచిలో దాచాను. బల్ల చుట్టూ పదిమంది దాని కోసం వెతికారు.

"ఏందన్నా, తొమ్మిదో పేజీని గూడ సర్కారు కట్ చేసిందా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

అక్క రాగానే గర్వంగా అందించాను. ఆమె దాన్ని విప్పనైనా లేదు.

"వీళ్ళంత ఎందుకొచ్చిన్రనుకున్నవే? అందరిదీ నా పరేషానే. పో, ఇచ్చి రా."

ఇచ్చి వచ్చాను. అక్క అందరి వెనకా నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి మూసేవేళ అయింది. ఆ పేజీలో చీరల దుకాణం ప్రకటన తప్ప మరేమీ లేదు. అయినా పైనుంచి కిందిదాకా చదివి, మడిచి నాకిచ్చింది.

నెలాఖరున గది తలుపుకు తాళం పడింది. మర్నాడు పఠనశాలలో కాగితాలు కూర్చి, అంకెలు రెండుసార్లు కలిపి చూశాను. సరిగ్గానే ఉన్నాయి, చూపించడానికే ఎవరూ లేరు.

ఇంజనీరుగా రిటైరైన నేను ఇప్పటికీ పత్రిక చదవగానే పేజీలు వరుసలో పెట్టి, అంచుకు అంచు కలిపి, తర్వాతివారికి అందేలా బల్ల మీద ఉంచుతాను. ఈ ఇంట్లో నా తర్వాత చదివేవారెవరూ లేరు.