మక్తల్‌లో ఐదు గుంటలు

రామన్నపేట బస్టాండు నుంచి హైదరాబాద్ బస్సు ఉదయం ఆరున్నరకు బయలుదేరింది. అమ్మ చేతిలో బట్టల సంచి, నా ఒళ్ళో సర్టిఫికెట్ల ఫైలు. మక్తల్‌లో ఉన్న మేనమామను ఒక మాట అడగడానికి ఇద్దరం పోతున్నాం. అడగాల్సింది నేనేనని అమ్మ ముందే చెప్పేసింది. నాకేమో కిరాణా కొట్లో చిల్లర అడగాలన్నా గొంతు పెగలదు.

ఆ మాటేమిటో ఇక్కడే చెబుతాను. విమానం నడిపే లైసెన్సు వచ్చి నాకు రెండేళ్ళయింది. నేను నేర్చుకున్నది నలుగురు పట్టే చిన్న విమానం మీద. ప్రయాణికుల పెద్ద విమానం నడపాలంటే ఆ రకం విమానానికి విడిగా శిక్షణ పొందాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. నేను దరఖాస్తు పెట్టిన చోటల్లా అది సొంత ఖర్చుతో చేసుకుని రమ్మన్నారు. లైసెన్సు చదువుకే నాయిన కొన్న ప్లాటు పోయింది. ఇక మిగిలింది, పెళ్ళప్పుడు తాత పసుపు కుంకుమ కింద అమ్మకు ఇచ్చిన రెండెకరాలు. కాగితాల్లో పేరు అమ్మది, సాగు మామది. అన్నకు చెప్పకుండా అలాంటి భూమి అమ్మడం మా వైపు లేదు. అంతా అమ్ముకున్న ఆడపిల్లకు పుట్టింటి దారి మూసుకుపోతుందని కూడా అంటారు. అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తొమ్మిదింబావుకు ఇమ్లీబన్ బస్టాండులో దిగి ఇడ్లీ తిన్నాం. మా వెనక వెళ్ళే ఆడవాళ్ళకు ఒక సూచన. మక్తల్ మీదుగా రాయచూరు పోయే బస్సుల్లో కర్ణాటకవి కూడా ఉంటాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇచ్చేది మన తెలంగాణ బస్సుల్లోనే. మేం చూడకుండా ఎక్కి, కండక్టర్ నవ్వితే దిగి, పదింటికి మన ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం.

శంషాబాద్ దగ్గర ఒక విమానం మా బస్సు మీదుగా కిందికి దిగింది. పక్క సీట్లో ఎండుమిర్చి మూటతో కూర్చున్న పెద్దావిడ మెడ తిప్పి చూసింది.

"గంత ఎత్తుల నడిపేటోనికి కునుకొస్తె ఎట్లనమ్మా?"

నా సంగతి చెప్పడానికి అమ్మ నోరు తెరిచింది. నేను మోచెయ్యి నొక్కాను. "ఇద్దరుంటరట పెద్దమ్మా," అని ఊరుకుంది.

"ఇద్దరికి ఒక్కపారే వస్తె?"

ముందు సీట్లవాళ్ళు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

జడ్చర్ల దాటాక అమ్మ గొంతు తగ్గించి, "మామ అడిగితె కొలువు పక్కా అని చెప్పు. గట్లంటేనే ఒప్పుకుంటడు," అంది. నేను డైరీ తీసి, మామతో చెప్పాల్సింది వరసగా రాసుకున్నాను. బస్సు కుదుపులకు అక్షరాలు గీతలు దాటాయి. పన్నెండుంబావుకు మహబూబ్‌నగర్‌లో పావుగంట ఆగితే అరటిపళ్ళు కొన్నాం. దేవరకద్ర తర్వాత రోడ్డుకు రెండు పక్కలా కంది చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. మక్తల్‌లో దిగేసరికి రెండయింది. మామ ఇల్లు ఊరి బయట. ఆటోకు మనిషికి ఇరవై.

అత్త గడపలోనే ఎదురొచ్చింది. "మా కోడలు గాల్ల ఎగిరొస్తదనుకుంటే దుమ్ము గొట్టుకొని బస్సుల దిగె!" అని నా గడ్డం పట్టుకుంది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. మూడో రొట్టె వద్దంటే వినలేదు.

నాలుగింటికి నలుగురం చేను దగ్గరికి నడిచాం. అమ్మ మాట్లాడుతుందేమోనని చూశాను. ఆమె కంది కాయ ఒలుస్తూ నిలబడింది. ఇక తప్పక డైరీ తెరిచి, తల దించుకుని చదవడం మొదలుపెట్టాను.

"బిడ్డా, గా పుస్తకం మూసి నా మొఖం జూసి చెప్పు," అన్నాడు మామ.

చూసి చెప్పాను. చివరిదాకా విని ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"లంచమను. టైప్ రేటింగని గంత పొడుగు పేరెందుకు?"

"లంచం గాదు మామా, ట్రైనింగు."

"పైసలు గట్టి కొలువు జేసుడే గద! గిసొంటి మాటలినే మన ఊర్ల ముగ్గురు మునిగిన్రు. బ్రోకరు ఫోను బంద్ జేసి పాయె."

"పైసలు కంపెనీకి గాదు మామా, నేర్పేటోళ్లకు. నేను నడిపింది చిన్నది. నేర్వకుంటే పెద్దదాన్ని ముట్టనియ్యరు."

మామ నా వైపు తిరిగాడు. "లైసెన్సు ఉన్నా ముట్టనియ్యరా?"

"ఉన్నా."

ఆయన మొదటిసారి నవ్వాడు. పదిహేనేళ్ళు బొంబాయి వైపు ప్రొక్లైన్ నడిపిన మనిషి. "నాది గూడ గదే కథ. లారీ లైసెన్సు చేతుల వట్టుకొని పోతే, మట్టి తవ్వే మిషను నీకెవడిస్తడన్నరు. ఏడాది ఆపరేటరు పక్కన కూసొని నీళ్లు మోసిన, కూలి లేకుండ. నాకు కూలి ఇయ్యలే, నిన్ను ఎదురు పైసలడుగుతున్నరు. గంతే ఫరక్." వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "మరి కట్టి నేర్చినంక కొలువు పక్కానా?"

అమ్మ నా వైపే చూస్తోంది.

"పక్కా గాదు మామా. నేర్చినంక గూడ పరీక్షలుంటయి, ఇంటర్వ్యూ ఉంటది. రావచ్చు, రాకపోవచ్చు."

అమ్మ తల దించుకుంది. మామ చాళ్ళ మధ్యకు నడిచి, గట్టు చివరి దాకా పోయి, మెల్లగా తిరిగొచ్చాడు. ఆ కాసేపూ అత్త నా భుజం మీద చెయ్యి వేసే ఉంది.

"లంచం దినేటోడు ఎన్నడన్న 'రాకపోవచ్చు' అంటడా?" అని అత్తను అడిగాడు. "వాడు పక్కా అనే అంటడు. గిది లంచం గాదు." తర్వాత అమ్మతో, "నీకు ఇష్టమేనా చెల్లె?" అన్నాడు.

"నాకు భయమే అన్నా. గని దీన్ని నేర్వనీయాలె," అంది అమ్మ.

మర్నాడు ఉదయం ఏడింటికి మామ మమ్మల్ని మళ్ళీ చేనుకు తీసుకుపోయాడు. బాట పక్క మూల నుంచి ఇరవై ఐదు అంగలు అటు, ఇరవై ఐదు ఇటు వేసి, నాలుగు మూలలా రాళ్ళు పాతాడు.

"గీ ఐదు గుంటలు అమ్మొద్దు చెల్లె. మిగిలింది బేరం బెడ్దాం."

"గింత జాగల నేనేం పండియ్యాలె?" అంది అమ్మ.

"ఏమన్న ఎయ్యి. ఏమెయ్యకున్నా మంచిదే. నీ భూమి జూసుకునేతందుకు ఏడాదికోపారి రావాలెగద!"

అమ్మ పక్కకు తిరిగి రాయి మీది మట్టి దులిపింది. చాలాసేపు దులిపింది.

పదకొండింటి బస్సుకు అత్త రొట్టెలు కట్టిచ్చింది. మరికల్ దాటాక అమ్మ అడిగింది. "పక్కా అను అంటే ఎందుకనకపోతివి?"

"అబద్ధం చెప్పి, రేపు కొలువు రాకుంటే మామ ముందుకు ఎట్ల వస్త అమ్మా?"

ఆమె నా జడ ముందుకు వేసి సరిచేసింది. చిన్నప్పుడు బడికి పంపేముందు అలా చేసేది.

మహబూబ్‌నగర్‌లో ఎక్కిన ఒకామె మా పక్కన కూర్చుని, ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది. చుట్టాలింటి నుంచి అంటుందనుకున్నాను.

"మక్తల్‌ల నాకు భూమున్నది. జూసుకొని వస్తున్న," అంది అమ్మ.

"ఎన్నెకరాలక్కా?"

"ఉన్నది గంత."

మక్తల్‌లో చూడదగ్గవేమున్నాయని ఎవరైనా అడిగితే నేను పెద్దగా చెప్పలేను. మేం చేను, ఇల్లు తప్ప ఏమీ చూడలేదు. కందులు పూసే రోజుల్లో వెళితే దారి బాగుంటుంది. భూమి బేరం కుదిరితే నా శిక్షణ మొదలవుతుంది. ఉద్యోగం సంగతి ఇది రాసేనాటికి తెలియదు. తెలిసినా తెలియకపోయినా వచ్చే ఏడు మళ్ళీ ఆ పది గంటల ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. అమ్మ అప్పుడే అత్తకు ఫోన్ చేసి చెప్పేసింది.