నాలుగు నిమిషాలు ఎక్కువ

రోజూ పొద్దున్న ఆరింటికి పౌడరక్క ఫోన్‌ని అద్దానికి ఆనించి, స్పీకర్ పెట్టి పళ్లు తోముకుంటుంది. నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఆమె భర్తా అదే పనిలో ఉంటాడు. నోట్లో బ్రష్షులున్నాక మాటలేముంటాయి! ఆయన కుళాయి కట్టేసిన చప్పుడు వినపడ్డాక ఆమె తన కుళాయి కట్టేస్తుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆరేళ్లుగా వాళ్ల కాపురం ఇంతే.

ఇద్దరిదీ ఒకే కంపెనీ. కరెంటు కేబుళ్లకు కావలసిన ముద్ద కలిపే పని. ఆమెది తెల్లమిల్లు. అక్కడ రబ్బరులో తెల్లమట్టి పొడి కలుపుతారు. అది కరెంటును బయటికి రానివ్వని తొడుగవుతుంది. ఒంటినిండా ఆ పొడే కనుక పౌడరక్క అన్న పేరు స్థిరపడింది. ఆయనది నల్లమిల్లు. ప్లాస్టిక్‌లో మసిలాంటి కార్బన్ పొడి కలిపితే తీగను అంటిపెట్టుకునే పలచని నల్లపొర తయారవుతుంది. దానిలోంచి మాత్రం కరెంటు కాస్త పారాలి. ఆరేళ్ల కిందట నల్లమిల్లును వేరే ఊరికి తరలించారు. దాంతోపాటు ఆయన్నీ.

పోయినేడు నల్లమిల్లులో ఒక ఖాళీ వచ్చింది. ఇక్కడి ల్యాబ్‌లోని చిన్న మిల్లు మీద ఒక్క నల్లముద్ద కలిపి చూపించాలి. పరీక్షలో నెగ్గితే ఆమెకు బదిలీ. లేదంటే ఆ చోటు ఇంకొకరిది.

"పొడంతా లోపలికి పోయాక ఎనిమిది నిమిషాలు. అంతే, దించెయ్," అన్నాడాయన ముందురోజు ఫోన్లో. "మెరుపు రాలేదని చూస్తూ కూర్చోకు."

"సరే గానీ, మీ గదిలో ఇంకో మంచం పడుతుందా?"

"పడుతుంది. తలుపు తెరుచుకోదు."

"అయితే తలుపు తియ్యకండి."

"ముందు ముద్ద కలపవే తల్లీ!" అని నవ్వాడు. ఆ నవ్వు ఎదురుగా కూర్చుని చూసి ఎన్నాళ్లయిందో ఆమె వేళ్ల మీద లెక్క కట్టుకుంది.

మర్నాడు రెండు వేడి రోలర్ల మధ్య ముద్ద నల్లగా తిరగసాగింది. కత్తితో కోసి, మడిచి, మళ్లీ రోలర్లకు అందించింది. ఎనిమిదో నిమిషానికి రోలరుకు రేకులా చుట్టుకున్న ముద్ద మెరుపు లేకుండా, గరుకుగా ఉంది. పదకొండేళ్లుగా ఆమె పని చేస్తున్న తెల్లమిల్లులో ఎంత ఎక్కువ మడిస్తే అంత మంచి ముద్ద. ఇలాంటి రేకు ఎవరి చేతిలోనూ పెట్టింది లేదు. ఆయన మాట గుర్తుంది, గడియారమూ ఎదురుగానే ఉంది. అయినా ఇంకో మడత, ఇంకో మడత. నాలుగు నిమిషాలు గడిచాక రేకు నూనె రాసిన జడలా నిగనిగలాడింది. అప్పుడు దించింది.

ల్యాబ్‌లో పరీక్షలు చేసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన ముక్క కోసి, రెండు కొసలా క్లిప్పులు పెట్టి మీటరు చూశాడు. క్లిప్పులు తీసి, తుడిచి మళ్లీ పెట్టాడు.

"ఎంతసేపు తిప్పావమ్మా?"

"పన్నెండు నిమిషాలు. సరిగా కలవలేదా బాబాయ్?"

"కలిసింది. మరీ కలిసింది! మసి రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ వరసలుగా ఉంటేనే కదా కరెంటు పారేది. నువ్వు ఆ వరసలన్నీ తెగ్గొట్టేశావు."

"ఇంకొకటి చేస్తాను. అరగంట చాలు."

బాబాయ్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒక్కటే అని పైనుంచి రాశారమ్మా. నా చేతుల్లో ఉంటే పది చేయించేవాణ్ణి."

సాయంత్రం భర్తకు చెప్పింది.

"చెప్పాను కదే," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

"చెప్పారు. చేతులు వినలేదు."

ఆయన, "తిన్నావా?" అన్నాడు. తిన్నానని అబద్ధమాడింది.

ఆ చోటుకి ఇంకొకర్ని పంపించారు. తర్వాత మరో ఖాళీ రాలేదు. పౌడరక్క ఇప్పటికీ తెల్లమిల్లులోనే పని చేస్తోంది. భర్త నెలకోసారి రెండో శనివారం వచ్చి, ఆదివారం సాయంత్రం ఐదింటి బస్సుకు వెళ్లిపోతాడు.