డ్రైవర్ కళ్లు

బస్సెక్కగానే రంజిత్ సీటు వెతకడు, డ్రైవర్ కళ్లు చూస్తాడు. అతనూ ఒక రకంగా డ్రైవరే, డెబ్బైమంది పట్టే చిన్న విమానానికి. రోజుకు ఆరుసార్లు దాన్ని లేపి దించుతాడు. అక్కడ కునుకు రాకుండా చెవితమ్మె గిల్లుకునీ గిల్లుకునీ, కోరుట్లలో అమ్మ ముందు అన్నం తింటూ కూడా గిల్లుకుంటాడు. ఆరు రోజులు వరసగా నడిపించుకుని రెండు రోజుల సెలవిచ్చిన కంపెనీ, ఒక్క పూట గడవకముందే మళ్లీ రమ్మంది. డ్యూటీకి పోవడానికి ఈ పొద్దున ఎక్కిన ప్రైవేటు బస్సులో డ్రైవర్ కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

“ఎప్పుడు పండుకున్నవే అన్నా?”

“పండుకునుడా? డబల్ డ్యూటీ తమ్మీ. కండ్లు మూసినా రోడ్డే కనవడ్తది.”

రంజిత్ బ్యాగుతో దిగిపోయాడు.

“గింత పానం తీపేందిరా నాయినా,” అని డ్రైవర్ నవ్వాడు.

అంతలో కంపెనీ ఆఫీసు నుంచి ఫోను. “విమానం నడపడానికి ఫిట్ అని యాప్‌లో ఇంకా టిక్ పెట్టలేదేం?”

“నిద్ర లేదు సార్.”

“బస్సులో పడుకోండి, అది కూడా విశ్రాంతే. అలసట అని రాస్తే ఎంక్వైరీ ఉంటది, ఈ ఏడు ప్రమోషన్ మర్చిపోండి.”

రంజిత్ చెయ్యి చెవి దగ్గరికి పోయి, ఆగింది.

“డ్రైవర్‌కు నిద్ర లేదని నేనిప్పుడే బస్సు దిగిన సార్. నా విమానం ఎక్కినోళ్లు ఏడ దిగాలె?”

ఫోను పెట్టేశాడు. ‘అన్‌ఫిట్’ అని టిక్ పెట్టి, ఇంకా కదలని బస్సు దగ్గరికి తిరిగి నడిచాడు.

“దిగన్నా. ఓ గంట పండుకో.”

“మా ఓనర్‌కు నువ్ చెప్తవా?”

“ఫోన్ కలుపు. చెప్త.”